ప్రయాణపు దుకాణములు: ప్రయాణికునకు పూచీ యెవరు?

మన పట్టణములలో బస్సు స్టాండు ప్రక్కనో, రైలు స్టేషను ఎదుటనో, జిల్లా కచేరికి పోవు దారిలోనో "ట్రావెల్సు" అను బోర్డు కన్పట్టని వీధి నేడు అరుదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద విమానపు బొమ్మ: ఇంతతో వర్తకము ప్రారంభమగుచున్నది. ఆ బల్లకు ఈవల కూర్చుండువాడు తన యేడాది సంపాదనను, ఒక్కొక్కప్పుడు పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్మును, ముందుగనే లెక్కించి ఆ బల్లపై పెట్టుచున్నాడు. అప్పు డాతని చేతికి వచ్చునది సరకు కాదు, ఒక మాట మాత్రమే. ఫలానా తేదీని ఫలానా విమానమున నీకు చోటు కలదు, ఫలానా దేశమున నీకు పని కలదు, ఫలానా క్షేత్రమున నీకు బస కలదు అను మాట. బియ్యపు కొట్టులో గింజ చూచి సొమ్మిత్తుము. బట్టల కొట్టులో నేత చూచి సొమ్మిత్తుము. ఈ వర్తకమున సొమ్ము ముందు, సరకు వెనుక. ఇట్టి వర్తకమును ఎవరు పెట్టవచ్చును? ఏ యర్హతతో పెట్టవచ్చును? ఎవరికి పూచీపడి పెట్టవచ్చును? ఈ ప్రశ్నలు పైకి కచేరి కాగితముల గొడవవలె నున్నను, వీని వెనుక వేల కుటుంబముల కూడును మానమును ఉన్నవి. అందుచేత మేము వీనిని నేడు చదువరుల యెదుట పెట్టుచున్నాము.

ఈ వర్తకము పెట్టదలచిన యువకుడొకడు ఏమేమి కావలెనని యడిగెననుకొందము. అతనికి మొదట కావలసినవి దుకాణముల శాసనము క్రింద నమోదును, పన్నుల శాఖవారి సంఖ్యయు, పురపాలక సంఘమువారి లైసెన్సును. ఇవి కిరాణా కొట్టునకును కావలసినవే. పరుల ప్రయాణమునకు పూచీపడు వర్తకమునకై ప్రత్యేకముగా అడుగబడినది వీనిలో నేదియు లేదు.

రెండవది విమాన కంపెనీల ముద్ర. 1945 ఏప్రిలులో క్యూబాదేశపు హవానా నగరమున అంతర్జాతీయ విమాన రవాణా సంఘము స్థాపింపబడినది. దీనిని వర్తకులు "అయాటా" అందురు. నేడు 300కు మించిన విమాన కంపెనీలు దానిలో సభ్యులు. ఈ సంఘమువారి గుర్తింపు పొందిన ఏజెంటునకు ఒక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్యతో అతడు అనేక కంపెనీల టిక్కెట్లను తన బల్లమీదనే అమ్మవచ్చును. అమ్మిన సొమ్మును గడువు తప్పక ఒకే ఖాతాలో జమకట్టవలెను. ఈ జమాఖర్చుల పద్ధతి 1971లో జపానున మొదలై దేశదేశములకు వ్యాపించినది. గుర్తింపు కావలెనన్నచో లెక్కలు తనిఖీ చేయించి చూపవలెను, అనుభవముగల పనివారుండవలెను, బ్యాంకి పూచీకత్తో, మరియొక ధరావతో ఇయ్యవలెను. గడువు తప్పినవానికి టిక్కెట్టు వ్రాయు హక్కు నిలిపివేయుదురు. ఇది ప్రభుత్వ శాసనము కాదు. కంపెనీలు తమకు తాము చేసికొన్న కట్టుబాటు. దీనిని పొందనివాడు పొందినవాని యొద్ద టిక్కెట్లు తెచ్చి అమ్ముకొనవచ్చును. మన చిన్న పట్టణములలోని దుకాణములు పెక్కు ఈ తీరుననే నడచుచున్నవి.

మూడవది కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖవారి గుర్తింపు. ఇంత చోటుగల కార్యాలయము, ఇంత మూలధనము, ఇంతమంది శిక్షితులైన ఉద్యోగులు, కొంతకాలము వర్తకము చేసిన యనుభవము చూపినవారికి దీని నిత్తురు. కాని యిది ఐచ్ఛికము. కోరినవాడు పొందును, కోరనివాడు మానును. మానినవాని దుకాణము మూతపడదు.

నాలుగవది రైలు టిక్కెట్ల అనుమతి. ఐదవది, పనివారిని పరదేశములకు పంపువారికి వలసల శాసనము క్రింద కావలసిన పత్రము. ఈ రెండింటి సంగతి ముందు చెప్పుదుము.

ఈ ముద్రలను వరుసగా బల్లమీద పెట్టి, ఇవి ఎవరిని కాపాడుచున్నవని యొక్కొక్కదానినే అడిగి చూడుడు. పన్నుల సంఖ్య బొక్కసమును కాపాడును. అయాటా ముద్ర విమాన కంపెనీల సొమ్మును కాపాడును. మంత్రిత్వశాఖవారి గుర్తింపు అతిథుల కండ్లయెదుట దేశపు పేరును కాపాడును. ఇవన్నియు కావలసినవే; వీనిని మేము తప్పుపట్టము. కాని సొమ్ము ముందుగ నిచ్చు ప్రయాణికుని కాపాడు ముద్ర యేది? అందరి సొమ్మునకును కావలివా డున్నాడు. ఆ సొమ్ము నంతయు తెచ్చి పెట్టినవానికి మాత్రము కావలి లేదు. మన వ్యవస్థలోని లోటు ఇదియే.

ఒక్క యుదాహరణము చాలును. 2019 ఏప్రిలు 17వ తేదీన జెట్ ఎయిర్‌వేస్ కంపెనీ తన విమానములను నిలిపివేసినది. 2023 మే నెలలో గో ఫస్ట్ కంపెనీయు అట్లే చేసినది. రెండు సందర్భములలోను ముందుగా టిక్కెట్లు కొన్నవారి సొమ్ము చిక్కుపడినది. ఆ సొమ్మును నియమము తప్పక కంపెనీకి జమకట్టిన చిన్న ఏజెంటు, ఇవతల ప్రయాణికునకు సమాధానము చెప్పలేక, అవతల కంపెనీనుండి సొమ్ము రాబట్టలేక నలిగిపోయెను. ఏజెంటు కంపెనీకి ధరావతు పెట్టవలెను. కంపెనీ ఏజెంటునకు గాని ప్రయాణికునకు గాని ధరావతు పెట్టనక్కరలేదు. పూచీ యెల్లప్పుడును క్రిందినుండి పైకే ప్రవహించుచున్నది. పైనుండి క్రిందికి ఒక్క చుక్కయు జారుట లేదు.

వినియోగదారుల రక్షణ శాసనము 2019లో క్రొత్తగా చేయబడినది గదా, జిల్లా కమిషనులు కలవు గదా యని కొందరనవచ్చును. కలవు, వానివలన మేలును కలదు. కాని అది చేతులు కాలిన తరువాత పట్టుకొను ఆకు. తీర్పు వచ్చునప్పటికి దుకాణము ఆ వీధిలో నుండవలెను. దుకాణదారుని యొద్ద సొమ్ముండవలెను. బోర్డు విప్పుకొని వేరొక పట్టణమున వేరొక పేరుతో బోర్డు కట్టినవానిమీద వచ్చిన తీర్పు చిత్తు కాగితముతో సమానము. ధరావతు అను నది ముందుగనే ఉండినయెడల తీర్పునకు బలము వచ్చును.

తీర్థయాత్రకో విహారమునకో పోవువాడు మోసపోయినయెడల సొమ్ము పోవును, ఇల్లు మిగులును. కూలికై సముద్రము దాటువాని సంగతి వేరు. కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండి దుబాయి, సౌదీ, ఖతరు దేశములకును, గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు కువైటునకును మనవారు పోవుట దశాబ్దములుగా జరుగుచున్నది. వీరికై 1983లో వలసల శాసనము చేయబడినది. దాని 10వ విభాగము ప్రకారము నమోదు పత్రము లేనివాడు పరదేశపు కొలువునకు మనుష్యులను కుదుర్చరాదు. పత్రము కావలెనన్నచో 50 లక్షల రూపాయల బ్యాంకి పూచీకత్తు పెట్టవలెను. నూరుగురికి మించకుండ పంపు చిన్న ఏజెంటునకు 8 లక్షలు. పనివానియొద్ద పుచ్చుకొన దగిన రుసుము 30,000 రూపాయలకును, దానిమీది పన్నునకును మించరాదు. పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫు మొదలగు దేశములకు కొలువునకై పోవునప్పుడు వలసల అధికారి అనుమతి కావలెను. అట్లు పోవువారికి 10 లక్షల రూపాయల భీమాయు కలదు. దానికి రెండేండ్లకు కట్టవలసినది 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. అట్టి అనుమతి కావలసిన స్త్రీలు ఇంటిపనికి పోవలెనన్న 30 ఏండ్లు నిండవలెను. 2016నుండి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే కుదుర్చవలెనను నిబంధనయు కలదు. మన తెలుగునాట అట్టి సంస్థలు రెండు రాష్ట్రములలోను ఉన్నవి.

కాగితముమీద ఇది గట్టి గోడయే. కాని గోడకు ప్రక్కనే తలుపు తీసి యున్నది. అది సందర్శన వీసా. చుట్టపు చూపునకు పోవుచున్నానని చెప్పినవానికి వలసల అధికారి అనుమతి అక్కరలేదు, భీమా లేదు, కొలువు ఒడంబడిక లేదు, పంపినవాడు పనివారి ఏజెంటు కాడు, టిక్కెట్టమ్మిన దుకాణదారు డంతే. నమోదు పత్రము లేని దళారి ఈ తలుపునే వాడుకొనుచున్నాడు. "నేను కొలువు కుదుర్చలేదు, టిక్కెట్టు మాత్రము వ్రాసితిని" అనుట అతనికి సులభము. అటు దిగిన స్త్రీకి జీతము రాకున్నను, దేహము నలిగినను, ఆమె పేరు ఏ రిజిస్టరులోను ఉండదు. వలసల శాసనము ఎంత గట్టిదైనను, ప్రయాణపు దుకాణమునకు శాసనము లేనంతవరకు ఆ గట్టితనము వ్యర్థము. రెంటికిని నడుమ నున్న సందులోనే మన బీదవారు జారిపడుచున్నారు. అదిగాక, పల్లెలో తిరుగుచు మనుష్యులను పోగుచేయు ఉపఏజెంటు అను వానికి 1983 శాసనమున చోటు లేదు. ఊరిలో నున్నవాడు మాత్రము వాడే.

శిక్షల సంగతి చూతము. 1989 రైల్వే శాసనము 143వ విభాగము ప్రకారము అనుమతి లేక రైలు టిక్కెట్ల వర్తకము చేయువానికి 3 ఏండ్లవరకు ఖైదుగాని, 10,000 రూపాయలవరకు జుల్మానాగాని, రెండును గాని విధింపవచ్చును. 1983 వలసల శాసనము 24వ విభాగము ప్రకారము నమోదు లేక మనుష్యులను పరదేశములకు కుదుర్చువానికి 2 ఏండ్లవరకు ఖైదును, 2,000 రూపాయలవరకు జుల్మానాయు విధించిరి. విజయవాడనుండి విశాఖపట్టణమునకు దొంగ టిక్కెట్టమ్మినవాని నేరము, ఒక తల్లిని బిడ్డలనుండి వేరుచేసి యెడారికి తోలినవాని నేరముకంటె పెద్దదా? మోసమునకు వేరుగ శిక్ష కలదు, అది 7 ఏండ్లవరకు పోవునని న్యాయవాదులు చెప్పుదురు. నిజమే. కాని మోసము రుజువు కావలెనన్నచో సాక్షి కావలెను. సాక్షి సముద్రమున కావల నున్నాడు. నమోదు లేకుండుట యను నేరమును రుజువు చేయుటకు మాత్రము దుకాణపు గోడను చూచిన చాలును. అందుచేతనే నమోదు శాసనమున కంత విలువ.

ఈ కథ మనకు క్రొత్తది కాదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మన కూలీలు రంగమునకు ఓడలెక్కిన కాలమును పెద్దలు ఎరుగుదురు. కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువారికి పేరై నిలిచినది. ఆనాటి మధ్యవర్తి మేస్త్రీ. ఊరిలో బయానా ఇచ్చి, ఓడకూలి కట్టి, అటు దిగిన నాటినుండి ఆ బాకీకి మనుష్యుని కట్టివేయుట వాని పద్ధతి. మలయా తోటలకు కూలీలను పోగుచేయు కంగాణీలకు లైసెన్సుండెడిది. ఐనను బాకీలును మాయమాటలును పోలేదు. వలసపోవు కూలి అధికారి యెదుట నిలిచి ఒడంబడిక చూపవలెనను నియమము 1837లోనే పుట్టినది. దాని క్రిందనే ఒప్పందపు కూలి యను దాస్యము 1917వరకు సాగినది. పిమ్మట 1922లో ఒక శాసనము, 1983లో ఇంకొకటి వచ్చినవి. ఈ చరిత్రవలన మనము నేర్చుకొనవలసినది ఒక్కటే: ముద్ర యుండుట చాలదు, ఆ ముద్ర ఎవని క్షేమమునకై వేయబడినదో చూడవలెను. తోట యజమానికై వేసిన ముద్ర కూలిని కాపాడదు.

ఇతర దేశములవా రేమి చేసిరో విచారింతము. నేటి ప్రయాణ వర్తకమునకు ఆద్యుడని చెప్పబడు థామస్ కుక్ మద్యపాన నిషేధ ప్రచారకుడు. 1841 జులై 5వ తేదీన లెస్టరు పట్టణమునుండి లఫ్‌బరోలో జరిగిన మద్యనిషేధ సభకు సుమారు 500 మందిని, మనిషికి ఒక షిల్లింగు చొప్పున, రైలులో తీసికొనిపోయెను. ఆ పేరిట వెలసిన కంపెనీ 1881లో బొంబాయిలో కార్యాలయము తెరచినది. అంతటి కంపెనీ 178 ఏండ్లు నడచి, 2019 సెప్టెంబరు 23వ తేదీన ఇంగ్లండున కూలిపోయినది. అదే పేరుగల మన దేశపు కంపెనీ అప్పటికే వేరు యాజమాన్యము క్రింద నుండుటచే దానికి ఆ దెబ్బ తగులలేదు. ఇంగ్లండు కంపెనీ కూలిన నాడు సుమారు లక్షన్నరమంది బ్రిటిషు ప్రయాణికులు పరదేశములలో నుండిరి. ఐనను వారు దిక్కులేనివారు కాలేదు. ఆ దేశపు పౌర విమానయాన అధికార సంస్థ విమానములను కుదిర్చి, రెండు వారములలో వారిని ఇండ్లకు చేర్చినది.

ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఆ దేశమున విమానప్రయాణముతో కూడిన యాత్రలను అమ్మువాడు లైసెన్సు పొందవలెనను కట్టడి 1970 దశకపు తొలి యేండ్లనుండి కలదు. 1974 ఆగస్టులో కోర్ట్ లైన్ అను కంపెనీ పడిపోయి వేలకొలది ప్రయాణికులు చిక్కుపడగా, ఆ దేశపు పార్లమెంటు 1975లో ప్రత్యేక నిధిని ఏర్పాటుచేసినది. నేడు లైసెన్సుదారుడు ఒక్కొక్క ప్రయాణికుని పేర 2.50 పౌనులు ఉమ్మడి నిధికి కట్టవలెను. ప్రయాణికుల చిన్న చందాయే ప్రయాణికులకు దుర్గమైనది. ఐరోపా రాజ్యములు 1990లో ఇట్టి పూచీనే తమ ఉమ్మడి శాసనముగ చేసికొనినవి. జపాను 1952లోనే ప్రయాణ వర్తకమునకు శాసనము చేసి, నమోదును ధరావతును విధించినది. ఇవన్నియు ధనిక దేశములని త్రోసివేయరాదు. 1952లో జపాను యుద్ధమున కాలిపోయి లేచుచున్న దేశము.

మన దేశముననే పంజాబు ఒక అడుగు ముందు వేసినది. 2012లో అచ్చటి శాసనసభ మనుష్యుల అక్రమ రవాణాను అడ్డుటకై ఒక శాసనము చేసినది. తరువాత దాని పేరు మార్చి ప్రయాణ వృత్తిదారుల నియంత్రణ శాసనమనిరి. టిక్కెట్లమ్మువారు, వీసా సలహా లిచ్చువారు, ఆంగ్లభాషా పరీక్షలకు శిక్షణ నిచ్చువారు సైతము జిల్లా అధికారి యొద్ద లైసెన్సు పొందవలెను. ఇది శ్లాఘనీయము. ఐనను 2025 ఫిబ్రవరి 5వ తేదీన 104గురు భారతీయులను అమెరికా సైనిక విమానము అమృతసరమున దింపినప్పుడు, వారిలో పంజాబువారును ఉండిరి. అప్పులు చేసి దళారుల చేత లక్షలు పోసినవారి కథలు నాడు దేశమంతయు విన్నది. దీనివలన శాసనము వ్యర్థమని మేము చెప్పము. లైసెన్సు లేని దుకాణమును మూయించు పూనిక లేనిచోట, లైసెన్సున్న దుకాణము నుండి సొమ్ము రాబట్టు ధరావతు లేనిచోట, శాసనము సగమే యగును. పంజాబు మొదలిడిన దానిని మన రెండు రాష్ట్రములు పూర్తిచేసి చూపవచ్చును.

మా సూచనలు ఇవి. మొదటిది: ప్రయాణమునకై ముందుగ సొమ్ము పుచ్చుకొను ప్రతివాడును, వీధి దుకాణమైనను, చేతిఫోనులో నడపు వర్తకమైనను, నమోదు కావలెను. రెండవది: టిక్కెట్టును బస కాగితమును ప్రయాణికుని చేతికి వచ్చువరకు అతని సొమ్ము వేరుగ నొక బ్యాంకి ఖాతాలో నుండవలెను, దానిని దుకాణపు అద్దెకును, క్రొత్త కారునకును వాడరాదు. మూడవది: ధరావతు అందరికి ఒకే తీరున నుండరాదు, చేతిలో నిలుచు పరుల సొమ్మును బట్టి యుండవలెను. దానికి తోడు, మనిషి కింత యని స్వల్ప చందాతో రాష్ట్రమున కొక ఉమ్మడి నిధి యుండవలెను. నాలుగవది: ఇచ్చు రసీదు తెలుగున నుండవలెను, అది ఉద్యోగపు వీసాయా, సందర్శన వీసాయా యని పెద్ద యక్షరములతో వ్రాయవలెను. ఐదవది: నమోదైనవారి జాబితా ప్రతి మండల కచేరి గోడమీదను, ప్రతి పంచాయతీ కార్యాలయమునను తెలుగున అంటింపవలెను.

వీనికి వచ్చు ఆక్షేపణలు మాకు తెలియును. లైసెన్సన్నచో లంచమనియు, ఇన్‌స్పెక్టరు జేబు నిండుననియు కొందరందురు. ఈ భయము నిరాధారము కాదు. అందుచేతనే నమోదును అధికారి దయాధర్మముగ కాక, అర్హతలు చూపినవాని హక్కుగ చేయవలెనని మా మనవి. నెలలోపల ఇయ్యనిచో ఇచ్చినట్లే భావింపబడవలెను. ఇయ్యకున్నచో కారణము వ్రాసి యియ్యవలెను. గదికి ఇన్ని చదరపు అడుగులు, ఇన్ని కుర్చీలు అను నియమములు ధనికునకు నిచ్చెన, పేదవానికి గోడ. గది పెద్దదైనంతమాత్రమున మాట నిలుచునా? చదువుకొని పని లేక, తన యూరివారికి నమ్మకముగ టిక్కెట్లు వ్రాసి బ్రతుకుచున్న యువకులు మన పట్టణములలో నెందరో కలరు. వారిని మూసివేయు శాసనమును మేము కోరము. దొంగవాని ప్రక్కన కూర్చుండుటచే నమ్మకస్తుని బేరమే మొదట చెడుచున్నది. గట్టి నమోదు వానికే మొదటి మేలు.

ఈ విషయమున విమాన కంపెనీలే మనకు దారి చూపినవి. 2018నుండి అయాటావారు తమ గుర్తింపును మూడు తరగతులుగ విభజించిరి. ముందుగ సొమ్ము జమకట్టి టిక్కెట్టు వ్రాయువాడు కంపెనీ సొమ్మును తన యొద్ద నిలుపుకొనడు గనుక వానిపై పెద్ద పూచీకత్తు మోపరు. అరువుమీద అమ్మి గడువునకు కట్టువానిపై మోపుదురు. ఎంత పరధనము చేత నుండునో అంత పూచీ: ఇదియే ఆ సూత్రము. తమ సొమ్మునకై కంపెనీలు కనుగొన్న ఈ ధర్మమును ప్రజల సొమ్మునకు వర్తింపజేయుటకు శాసనసభలకు అడ్డేమి?

ఇపుడందరును ఫోనులోనే టిక్కెట్లు కొనుచున్నారు, దుకాణము లిక నెన్నాళ్లని మరికొందరందురు. చదువుకొన్నవారు కొనుచున్నారు, వారి దుఃఖము వేరు. దుకాణపు బల్లయెదుట నేడు మిగిలినవాడు ఆంగ్లము రానివాడు, కార్డు లేనివాడు, తొలిసారి విమాన మెక్కువాడు, కాశీయాత్రకు పోవు ముదుసలి, కువైటునకు పోవు తల్లి. రక్షణ అవసరమైనవారే ఆ బల్లయొద్ద మిగిలిరి.

శాసనము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. గ్రంథాలయములును పఠన మందిరములును ఈ పనికి పూనుకొనవచ్చును. పరదేశపు కొలువులకు పంపు నమోదైన ఏజెంట్ల జాబితా విదేశాంగశాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటున అందరికిని కన్పించును. మీ జిల్లాకు సంబంధించిన పేర్లను తెలుగున వ్రాసి పత్రికల బల్ల పైన గోడకు అంటింపుడు. విమానపు టిక్కెట్టు నిజముగ కొనబడినచో దానిపై 13 అంకెల సంఖ్య యుండును. తొలి 3 అంకెలు కంపెనీ గుర్తు. ఆ సంఖ్య లేక, చోటు పట్టియుంచిన చీటి మాత్రమే చేతికిచ్చినచో అది టిక్కెట్టు కాదని చదువురానివారికి చెప్పుడు. వీసా కాగితమును తెచ్చి చూపినవారికి అది కొలువుదా, చూపుదా యని చదివి వినిపింపుడు. సాయంకాల మొక గంట ఈ సేవకు కేటాయించిన పఠన మందిరము వంద ఉపన్యాసముల ఫలము నిచ్చును.

రెండు రాష్ట్రముల శాసనసభ్యులకును మా మనవి యొక్కటే. గల్ఫునుండి శవపేటిక వచ్చిన యింటికి మీరు పరామర్శకు పోవుచున్నారు, అది మనుష్యధర్మము. ఆ యింటివాడు తొలిసారి సొమ్ము లెక్కించి పెట్టిన బల్లయొద్దకును ఒకమారు పొండు. ఆ బల్ల వెనుక నున్నవాడు ఎవడు, ఎక్కడివాడు, ఏమి ధరావతు పెట్టినాడు అని యడుగుడు. సమాధానము దొరకనిచో ఆ సమాధానమును శాసనముగ వ్రాయుట మీ విధి. ప్రజలు తమ సొమ్మును, కొందరు తమ ప్రాణమును, ఆ బల్లమీద పెట్టుచున్నారు. దానికి పూచీదారుని పేరు తెలియగోరుట ఎక్కువ కోర్కె కాదు.